వాలు మీద బరువు

(సొసైటీ వార్షికోత్సవ సభలో సాయంత్రపు తరగతుల సైన్సు ఉపాధ్యాయుల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద చదువు ఎంత అవసరమో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఈసారి కార్యదర్శిగారు మాకు ఇరవై నిమిషాలు కేటాయించి, "చదువు అవసరమని చెప్పకండి, ఏదైనా చదువే చెప్పండి" అన్నారు. సంతోషించాము. చంద్రమండలం గురించి చెబుదామా, అణువు గురించి చెబుదామా అని మాలో మేము కొంత తర్జనభర్జన పడి, ఆఖరుకు ఒక బల్లచెక్క గురించి చెప్పాలని నిశ్చయించుకున్నాము. ఒక కొస నేల మీద, రెండవ కొస ఎత్తు మీద ఆనించిన మామూలు బల్లచెక్క. పుస్తకాలలో దీనికి వాలు తలము అని పేరు.

దీనినే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మన సాయంత్రపు తరగతులకు వచ్చే ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు ఎక్కువమంది జారిపడేది ఈ వాలు మీదనే. సూత్రం అప్పచెబుతారు, లెక్క ఇస్తే తప్పుతారు. రెండవ కారణం మన దవాఖానా మెట్ల పక్కన కట్టదలచిన వాలుబాట. చక్రాల కుర్చీలో వచ్చే ముసలివారి కోసం అది కట్టాలని కమిటీ తీర్మానం చేసింది, కాని ఎంత పొడవు కట్టాలన్న దగ్గర రెండు అభిప్రాయాలున్నాయి. ఆ సంగతికి వద్దాము గాని, ముందు బల్లచెక్క.

మన పేటలో వాలు తలము ఎవరికీ కొత్త కాదు. సరుకు లారీ వచ్చి ఆగిందంటే హమాలీలు చేసే మొదటి పని రెండు బల్లచెక్కలు తెచ్చి లారీ వెనుక అంచుకు ఆనించడం. ఎందుకంటే బరువును నిటారుగా పైకెత్తడం కంటే వాలు మీద నడిపించడం తేలిక. ఎంత తేలిక? లారీ అంచు నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. బల్ల పొడవు 3 మీటర్లు. ఎత్తును పొడవుతో భాగించండి, 0.4 వస్తుంది. 50 కిలోల బస్తాను ఆ బల్ల మీద పెడితే, దానిని కిందికి జార్చే బలం 50లో 0.4 వంతు, అంటే 20 కిలోల బరువంత. (పరీక్షలో న్యూటన్లలో రాయాలి, పిల్లలు గుర్తుంచుకోండి. ఇక్కడ అందరికీ తెలియాలని కిలోల బరువులోనే చెబుతున్నాము.) బల్ల నునుపుగా, ఏ అడ్డూ లేకుండా ఉంటే 20 కిలోలను మోయగలిగిన మనిషి 50 కిలోలను పైకి చేర్చగలడన్న మాట.

ఊరికే వచ్చిన లాభం కాదిది. నిటారుగా ఎత్తితే 1.2 మీటర్లతో పని అయిపోతుంది, వాలు మీద 3 మీటర్లు నడిపించాలి. బలంలో తగ్గినది దూరంలో పెరిగింది. రెండు విధాలా చేసిన పని ఒకటే. కాకపోతే మనిషి నడుముకు 50 కిలోలు ఒక్కసారిగా ఎత్తడము, 20 కిలోలు కాస్త ఎక్కువసేపు తోయడము ఒకటి కాదు కదా.

మిగిలిన బరువు ఏమయిందని అడగాలి. బస్తా బరువు ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే ఉంటుంది. దానిని రెండు భాగాలుగా ఊహించుకుంటాము. ఒక భాగం వాలు వెంబడి, ఒక భాగం బల్లలోకి నొక్కుతూ. బల్ల తనకు లంబంగా ఎదురు నెట్టి ఆ రెండవ భాగాన్ని మోస్తుంది. దీనినే అభిలంబ ప్రతిచర్య అంటారు. మన ఉదాహరణలో అది సుమారు 45.8 కిలోలు. 20, 45.8 కలిపితే 50 రాలేదేమిటని ఇంట్లో లెక్కలు బాగా వచ్చినవారు అడుగుతారు. దిక్కులు వేరైన బలాలను కూరగాయల తూకం లాగ కలపకూడదు. 20ని 20తో గుణించి, 45.8ని 45.8తో గుణించి కలపండి, 50ని 50తో గుణించినంత వస్తుంది. లంబకోణ త్రిభుజం కొలత అది.

వాలు వెంబడి ఉన్నది సైనా, కొసైనా అని పిల్లలు ఏటా తికమకపడతారు. బట్టీ పట్టనక్కరలేదు. బల్లను మనసులో చదునుగా నేల మీద పరచండి. కోణం సున్నా. చదునైన బల్ల మీద బస్తా జారదు, కాబట్టి జార్చే భాగం సున్నా కావాలి. సున్నా కోణానికి సున్నా అయ్యేది సైన్. ఇక ఎప్పటికీ మరవరు. చాలామంది ఏ బల్ల మీదైనా అభిలంబ ప్రతిచర్య వస్తువు బరువంతే ఉంటుందని రాసేస్తారు. చదును బల్ల మీద అది నిజమే. వాలిన కొద్దీ తగ్గుతుంది. బల్లను గోడలాగ నిలబెడితే దాని మీద బస్తా ఏమి నొక్కుతుంది?

ఈ సంగతి మనుషులకు చాలా కాలం అంతుపట్టలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో పనిముట్ల గురించి రాసిన "మెకానిక్స్" గ్రంథం గ్రీకు మూలంలో పూర్తిగా దొరకడం లేదు. బాల్‌బెక్‌లో పుట్టిన కుస్తా ఇబ్న్ లూకా 9వ శతాబ్దంలో దానిని అరబ్బీలోకి తర్జుమా చేయబట్టి ఈనాటికి మిగిలింది. 13వ శతాబ్దంలో యూరపులో జోర్డానస్ పేరుతో వెలువడిన గ్రంథాలలో వాలు మీది బరువు లెక్క సరిగా కనబడుతుంది. 1586లో సైమన్ స్టెవిన్ అనే డచ్చి ఇంజనీరు దానిని ఎంత చక్కగా రుజువు చేశాడంటే, లెక్క రానివారికి కూడా చెప్పవచ్చు. ఒక వైపు నిటారుగా పొట్టిగా, ఒక వైపు ఏటవాలుగా పొడవుగా ఉన్న త్రికోణపు దిమ్మ మీద సమానమైన గుండ్లు గుచ్చిన దండను చుట్టూ వేశాడు. పొడవు వైపు గుండ్లు ఎక్కువ, పొట్టి వైపు తక్కువ. అది ఏ వైపుకైనా జరిగితే ఒక గుండు స్థానంలోకి ఇంకొకటి వస్తుంది, పరిస్థితి మళ్ళీ మొదటిలాగే ఉంటుంది, ఇక దండ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. అది అసంభవం. కనుక జరగదు. కనుక పొడవు వైపు ఎక్కువ గుండ్లను పొట్టి వైపు తక్కువ గుండ్లు సరిగా నిలబెడుతున్నాయి. బలం పొడవుకు విలోమం అని తేలిపోయింది.

ఇంతవరకు నునుపు బల్ల. పుస్తకంలో తప్ప అటువంటి బల్ల లోకంలో లేదు. అసలు కథ ఘర్షణతో మొదలవుతుంది.

ఘర్షణ గురించి మన పిల్లలకు ఒక పొరపాటు అభిప్రాయం గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. ఘర్షణ గుణకాన్ని అభిలంబ ప్రతిచర్యతో గుణిస్తే ఘర్షణ వస్తుందని వారి నమ్మకం. తరగతిలో మేము ఒక లెక్క ఇస్తాము. చదునైన నేల మీద 10 కిలోల పెట్టె ఉంది, గుణకం 0.5, దానిని 2 కిలోల బలంతో తోశాము, కదలలేదు, ఇప్పుడు ఘర్షణ ఎంత? పదిమందిలో ఏడెనిమిది మంది 5 అని రాస్తారు. అప్పుడు అడుగుతాము: "బేటా, నీవు 2తో ముందుకు తోస్తే, ఘర్షణ 5తో వెనక్కి నెడితే, ఆ పెట్టె నీ మీదికే రావాలి కదా?" తరగతి నవ్వుతుంది. జవాబు 2. ఘర్షణ ఎదుటి బలానికి సరిపడేంతే పుడుతుంది. 2తో తోస్తే 2, 3తో తోస్తే 3, 4.9తో తోస్తే 4.9. గుణకంతో గుణిస్తే వచ్చేది దాని గరిష్ఠ హద్దు మాత్రమే. హద్దు దాటితే పెట్టె కదులుతుంది. కదిలిన తరువాత మాత్రం ఘర్షణ ఒక స్థిరమైన విలువకు పడిపోతుంది, ఆ విలువ సాధారణంగా ముందరి హద్దు కంటే తక్కువ. కదలని వస్తువుకు ఉండేది స్థైతిక ఘర్షణ, జారుతున్న వస్తువుకు ఉండేది గతిక ఘర్షణ. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త ఈ తేడాను వాలు తలము మీదనే తేటపరిచాడు.

చూడడానికి చిన్న తేడానే, కాని కాళ్ళు విరిగేది అక్కడే. మన 3 మీటర్ల బల్లకే వద్దాము. బస్తాను జార్చే బలం 20 కిలోలు. బల్లకు, గోనెకు మధ్య స్థైతిక ఘర్షణ గుణకం 0.5 అనుకోండి, గతిక గుణకం 0.4 అనుకోండి. నిలిచి ఉన్నప్పుడు ఘర్షణ హద్దు 45.8లో సగం, అంటే 22.9. జార్చేది 20. కాబట్టి బస్తా నిలబడింది. హమాలీ చేయి తీసి చెమట తుడుచుకుంటాడు. ఇంతలో ఎవరిదో మోచేయి తగిలింది, లేదా లారీ కాస్త కదిలింది. బస్తా ఒక్క అంగుళం జారింది. ఇప్పుడు ఘర్షణ 18.3కు పడిపోయింది. జార్చేది 20 అలాగే ఉంది. ఇక దానిని ఆపే నాథుడు లేడు, కింది దాకా వేగం పెరుగుతూనే వస్తుంది. "ఇంతసేపూ నిలబడింది కదండీ, ఇప్పుడెందుకు జారింది?" అని ప్రమాదం తరువాత అందరూ అడిగే ప్రశ్నకు ఇదే జవాబు. వాలు మీద ఒక వస్తువు నిలబడి ఉన్నంత మాత్రాన, కదిలితే మళ్ళీ ఆగుతుందని భరోసా లేదు.

అదే బస్తాను పైకి ఈడ్చాలంటే ఘర్షణ పక్షం మారుస్తుంది. జారుతున్నప్పుడు పైకి ఆపినది, ఈడ్చేటప్పుడు కిందికి లాగుతుంది. 20కి 18.3 కలిపి 38.3 కిలోల బలం కావాలి. మొదట కదిలించడానికి దాదాపు 43. నిటారుగా ఎత్తితే 50. ఇంత తంటాలు పడి మిగిలింది ఎంత? అందుకే తెలిసినవారు వాలు మీద ఈడ్వరు, దొర్లిస్తారు. దొర్లే వస్తువుకు ఎదురయ్యే అడ్డు జారే వస్తువుకు ఎదురయ్యే దానిలో చాలా చిన్న వంతు. 200 కిలోల నూనె పీపాను మన హమాలీలు ఎలా ఎక్కిస్తారో గమనించండి. తాడు ఒక కొస లారీకి కట్టి, పీపా కింది నుంచి చుట్టి తెచ్చి, రెండవ కొసను లారీ మీద నిలబడి లాగుతారు. వాలు వెంబడి 80 కిలోలు లాగవలసిన చోట, తాడు రెండు వరుసలుగా పట్టుకున్నందున సగమే సరిపోతుంది, 40 కిలోలు. ఇద్దరు లాగితే మనిషికి 20. ఈ విద్య వారికి ఏ కాలేజీ నేర్పలేదు. అయితే ఒక్క మాట వారికి కూడా చెప్పాలి. ఆ తాడు తెగిందంటే పీపా కిందికి చేరేసరికి సెకనుకు దాదాపు 4 మీటర్ల వేగంతో ఉంటుంది. 200 కిలోల పీపాను ఆ వేగంలో ఏ మనిషీ భుజంతో ఆపలేడు. కింద నిలబడి ఆనిపట్టే పద్ధతి మానాలి. సహాయం చేసేవారు బల్లకు పక్కన నిలబడాలి.

ఘర్షణ అంటే మనకు శత్రువు అనుకునేవారున్నారు, ఎందుకంటే పుస్తకంలో అది ఎప్పుడూ చలనాన్ని అడ్డుకుంటుందని ఉంటుంది. నడిచేటప్పుడు ఏమవుతుందో చూడండి. మన పాదం నేలను వెనక్కి నెడుతుంది, నేల ఘర్షణతో మనలను ముందుకు నెడుతుంది. సబ్బు నీళ్ళు ఒలికిన గచ్చు మీద నడిచిన వారెవరికైనా ఘర్షణ విలువ తెలుసు. తోసేవాడి బలమంతా చివరకు వాడి కాళ్ళ కింది ఘర్షణ నుంచే వస్తుంది. ఈ మాటను మనసులో ఉంచుకోండి, దవాఖానా దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

బల్లను మెల్లమెల్లగా ఎత్తుతూ పోతే ఏదో ఒక కోణంలో దాని మీది వస్తువు జారుతుంది. ఆ కోణాన్ని విరామ కోణం అంటారు, ఇంగ్లీషు మీడియం పిల్లలు యాంగిల్ ఆఫ్ రిపోజ్ అంటారు. ఆ క్షణంలో ఎత్తును అడుగు పొడవుతో, అంటే నేల మీది పొడవుతో భాగిస్తే స్థైతిక ఘర్షణ గుణకం వచ్చేస్తుంది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. పరీక్ష రాసే అట్ట, ఒక స్కేలు చాలు. అట్ట మీద రూపాయి నాణెం పెట్టండి, రబ్బరు ముక్క పెట్టండి, అగ్గిపెట్టె పెట్టండి. ఒక్కొక్కటి ఒక్కొక్క కోణంలో జారుతుంది. నాణెం మీద ఇంకొక నాణెం అంటించి చూడండి, బరువు రెట్టింపయినా కోణం మారదు. బరువు పెరిగితే జార్చే బలమూ పెరిగింది, ఆపే ఘర్షణ కూడా అదే వంతున పెరిగింది. మార్కెట్ యార్డులో ధాన్యపు రాశులు చిన్నవైనా పెద్దవైనా వాటి వాలు ఒకేలాగ ఉండడం ఇందుకే. పొడి ఇసుక కుప్ప 30 నుంచి 35 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, ఇంకా పోస్తే కుప్ప పెరుగుతుంది గాని వాలు పెరగదు.

ఇంకొక వింత కూడా ఇంట్లో చూడవచ్చు. ఇటుకను పడుకోబెట్టి బల్ల వాల్చండి, తరువాత పక్కకు నిలబెట్టి వాల్చండి. తాకే జాగా బాగా తగ్గినా, జారే కోణం ఇంచుమించు అదే. 1699లో ఫ్రాన్సులో అమాంతాన్ ఈ సంగతి చెబితే చాలామందికి నమ్మకం కలగలేదు. 1785లో కూలుంబు తన విస్తారమైన ప్రయోగాలు అచ్చు వేశాక శాస్త్రంలో స్థిరపడింది. అయితే ఇది ఎండిన గట్టి వస్తువులకు బాగా సరిపోయే సూత్రమే గాని, రబ్బరుకు, జిగురుకు, తడికి అచ్చంగా వర్తించదు. తడి దగ్గర లెక్కలన్నీ తలకిందులవుతాయి.

గెలీలియో పేరు ఇక్కడ ఒకసారి చెప్పుకోవాలి. నిటారుగా పడే వస్తువు మరీ వేగంగా పడుతుంది, ఆనాటి గడియారాలకు అందదు. ఆయన వాలిన పలకలో గాడి తొలిచి, నునుపైన తోలు కాగితం అతికించి, కంచు గుండును దొర్లించాడు. పాత్ర నుంచి సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. 1638లో లైడెన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఈ వివరాలున్నాయి. కాలం రెట్టింపయితే దూరం నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. ఆయన చెప్పిన ఇంకొక మాట మన వాలుబాటకు సంబంధించినది: ఘర్షణ లేకపోతే, ఒకే ఎత్తు నుంచి దిగే వస్తువు వాలు ఎంత పొడవున్నా కిందికి చేరేసరికి ఒకే వేగంతో ఉంటుంది. పొడవు వాలులో ఆలస్యంగా చేరుతుంది, అంతే.

లారీలు నడిపేవారి కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి ఘాటు రోడ్డు ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోతాము. కొండదారులలో మన ఇంజనీర్లు మామూలుగా పాటించే వాలు 20 మీటర్లకు 1 మీటరు. చూడడానికి తక్కువే. కాని 20 టన్నుల లారీని ఆ వాలు కిందికి లాగే బలం 1 టన్ను బరువంత. డీజిలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో దిగేవారున్నారు. 500 మీటర్ల ఎత్తు దిగేసరికి ఆ లారీ వదిలే శక్తితో 300 లీటర్లకు పైగా నీటిని మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచవచ్చు. గేరులో ఉంటే ఇంజను చాలా భాగం పంచుకుంటుంది. న్యూట్రల్‌లో టైర్లు, గాలి తీసుకున్న కొద్దిపాటి పోగా తక్కినదంతా బ్రేకుల నెత్తినే. బ్రేకు కూడా ఘర్షణ మీదనే బతుకుతుంది, బాగా కాలిన బ్రేకుకు ఘర్షణ తగ్గిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది చాదస్తం కాదు. డ్రైవరు భాయిలకు ఇంట్లో ఈ మాట ఆడవారు చెబితే ఎక్కువ పనిచేస్తుందని మా నమ్మకం.

ఇక దవాఖానా. మన దవాఖానా గచ్చు వీధికి అడుగున్నర ఎత్తున ఉంది, మూడు మెట్లు. కీళ్ళు పట్టేసిన నానీలను, పక్షవాతం వచ్చిన తాతలను ఇప్పుడు ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి లోపలికి తెస్తున్నారు. ముందు వరండాలో జాగా ఉన్న మేరకు 6 అడుగుల వాలుబాట చాలునని కొందరు పెద్దల అభిప్రాయం. ఖర్చు తక్కువ, వారంలో అయిపోతుంది, వీధి కూడా ఆక్రమించదు. వారి మాటలో న్యాయం ఉంది. సొసైటీ సొమ్ము ప్రతి రూపాయీ చందాదారులది. రెండవ అభిప్రాయం 18 అడుగులు కట్టాలని. కట్టడాల నియమావళులలో చక్రాల కుర్చీకి మామూలుగా చెప్పే హద్దు 1కి 12, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. అడుగున్నరకు 18 వస్తుంది. (నియమంలో పొడవు నేల మీద కొలుస్తారు, వాలు మీద కాదు. ఇంత తక్కువ వాలులో ఆ తేడా ఒక అంగుళం లోపే.)

మేము ఏ పక్షమూ వహించకుండా లెక్క వేశాము. మనిషి, కుర్చీ కలిపి 80 కిలోలు అనుకున్నాము. 6 అడుగుల బాటలో ఎత్తు పొడవులో నాలుగవ వంతు, కాబట్టి తోయవలసిన బలం 20 కిలోలు. 18 అడుగుల బాటలో 12వ వంతు, కాబట్టి 7 కిలోల లోపు. 20 కిలోలు తోయలేమా అంటారు. కుర్రవాడు తోస్తాడు. కాని పేషెంటును దవాఖానాకు తెచ్చేది ఎవరు? పగటిపూట కుర్రవాళ్ళు పనిలో ఉంటారు. తెచ్చేది కోడలు, లేదా కూతురు, లేదా స్కూలు ఎగ్గొట్టిన మనవడు.

ఆమె బరువు 50 కిలోలు అనుకోండి. 6 అడుగుల బాట మీద ఆమె కుర్చీని 20 కిలోల బలంతో తోయాలి, దానితోపాటు ఆ వాలు మీద తన సొంత బరువులో నాలుగవ వంతు, 12.5 కిలోలు, కిందికి జారకుండా ఆపుకోవాలి. మొత్తం 32.5. ఈ బలమంతా ఆమె చెప్పుల కింది ఘర్షణే ఇవ్వాలి. ఆ వాలు మీద ఆమె నేలను నొక్కేది 48.4 కిలోలు. అంటే ఘర్షణ గుణకం కనీసం 0.67 ఉండాలి. గరుకు సిమెంటు, ఎండిన రబ్బరు చెప్పు అయితే సరిపోవచ్చు. కాని వరండాలో ఉన్నది నున్నగా అరిగిన కడప బండ, బాటకు కూడా అదే పరుస్తామంటున్నారు. వాన కురిసిన రోజున తడిసిన నునుపు బండ మీద గుణకం 0.3కు దిగువకు కూడా పడిపోవచ్చు. ఆమె చేతులలో బలం ఉన్నా కాళ్ళు జారిపోతాయి. జారిన మరుక్షణం కుర్చీ ఆమె మీదికే వస్తుంది.

18 అడుగుల బాట మీద అదే కోడలికి కావలసింది ఎంత? కుర్చీకి 6.7, తన బరువుకు 4.2, మొత్తం 11 కిలోలకు కాస్త తక్కువ. గుణకం 0.22 చాలు. తడి రోజున కూడా కొంత ఆశ ఉంది, గరుకు సిమెంటు చేసి అడ్డగీతలు గీస్తే భయమే లేదు.

చేయి జారితే ఏమవుతుందో కూడా చూశాము, ఎందుకంటే కట్టేవారు ఆలోచించవలసింది అదే. చక్రాల అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, 6 అడుగుల బాట మీద పై నుంచి జారిన కుర్చీ ఒకటింబావు సెకనులో వీధిలో ఉంటుంది, సెకనుకు 3 మీటర్ల వేగంతో. పక్కవాడు "అరె" అనేలోపు. 18 అడుగుల బాటలో మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది, ఒకరు పరుగెత్తి పట్టుకోవచ్చు. అయితే గెలీలియో మాట గుర్తుందా? ఎత్తు ఒకటే కాబట్టి ఎవరూ పట్టుకోకపోతే చివరి వేగం ఇక్కడ కూడా ఇంచుమించు ఆ 3 మీటర్లే. చక్రాల అడ్డు కొంత తగ్గిస్తుంది, అంతకు మించి కాదు. కనుక పొడవు పెంచినంత మాత్రాన పని పూర్తికాదు, మధ్యలో చదును కావాలి. మా సూచన ఇది. 9 అడుగులు వరండా ముందు వైపున, మూల దగ్గర 5 అడుగుల చదరపు చదును, అక్కడ తిరిగి 9 అడుగులు పక్క గోడ వెంబడి. వీధి ఆక్రమణ రాదు. చదును మీద కోడలు కాసేపు ఆగి ఊపిరి తీసుకోవచ్చు. జారిన కుర్చీ చదును చేరేసరికి సెకనుకు 2 మీటర్ల చిల్లర వేగంలో ఉంటుంది, అక్కడ అంచుకు గట్టు కట్టి, రెండు వైపులా పట్టుకునే పైపు పెడితే ఆగుతుంది.

ఖర్చు మూడింతల దాకా అవుతుందని మేస్త్రీ చెప్పాడు. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలో నిర్ణయించవలసినది సర్వసభ్య సమావేశం. 6 అడుగులే ఖాయం చేస్తే, దానిని చక్రాల కుర్చీకి వాడకుండా మందుల పెట్టెలు దించుకోవడానికి ఉంచి, కుర్చీలను ఇప్పటిలాగే ఇద్దరు మనుషులు ఎత్తే పద్ధతి కొనసాగించడం మేలని మా అభిప్రాయం. కోపగించుకోకండి. వాలు తెలిసిన ఇద్దరు మనుషుల చేతులు, వాలు తెలియని బండ కంటే నయం.

సభ అయ్యాక వెనుక వరండాలోకి రండి. 6 అడుగుల పాత తలుపు రెక్కలు రెండు తెచ్చి పెట్టాము. ఒకదాని కొస అడుగున్నర దిమ్మ మీద ఉంది, అది 6 అడుగుల బాట వాలు. రెండవ దాని కొస అరడుగు దిమ్మ మీద ఉంది, అది 18 అడుగుల బాట వాలు. దవాఖానా చక్రాల కుర్చీ 20 కిలోలు తూగింది, అందులో 60 కిలోల బియ్యం పెట్టి కట్టాము. కుర్చీకి స్ప్రింగు త్రాసు తగిలించాము, లాగి ముల్లు ఎంత చూపుతుందో చూడండి. మేము వేసిన లెక్క కంటే కిలో, అరకిలో ఎక్కువే చూపుతుంది, అది చక్రాల అడ్డు. తరువాత చేతులతో తోసి చూడండి. ముఖ్యంగా అమ్మలు, అక్కలు తోసి చూడాలి. మా విద్యార్థులు ఇద్దరు రెక్కకు చెరొక పక్క నిలబడి కుర్చీకి కట్టిన తాడు పట్టుకుని ఉంటారు. పిల్లలను మాత్రం రెక్కకు దిగువన నిలబడనివ్వకండి.